ఆరు కుట్లు, ఒక ముడి

కర్నూలు బజారులో టైర్ల అంగడి మెట్ల మీద కృపమణి చెప్పులు విప్పి చేత పట్టుకొని నిలబడి ఉంది. లోపలికి పోవాలా, బయటే ఉండాలా అని ఆమె తేల్చుకోలేకపోతున్న చోట కిందటి వారం కథ ఆగింది.

పొద్దున సైనికుల బోర్డు ఆఫీసులో గుమాస్తా పెద్ద పుస్తకం తిరగేసి, "దావీదురాజు, మిలిటరీ డ్రైవరు, కోయిలకుంట్ల. బర్మాలో గల్లంతు. తర్వాత సమాచారం లేదు" అని చదివిన మాటలు ఇంకా ఆమె చెవుల్లోనే ఉన్నాయి. అన్న దగ్గరి నుంచి ఉత్తరం వచ్చి పద్నాలుగు నెలలు. యుద్ధం ముగిసి ఆరు నెలలు. ఆఫీసు మెట్లు దిగేటప్పుడు నాయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు, అంతే.

కూర్చొని ఏడవడానికి కూడా వాళ్ళకు తీరిక లేదు. కోయిలకుంట్ల పత్తిమిల్లు యజమాని దేవేంద్రప్ప కూతురు నాగలక్ష్మమ్మకు నెలలు నిండాయి. నొప్పులు మొదలైన వెంటనే జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. దారంతా నల్లరేగడి, నాపరాళ్ళు, తుమ్మముళ్ళు. పోయిన ఏడు అదే దారిలో, అదే నాగలక్ష్మమ్మను నొప్పులతో తీసుకుపోతుంటే దేవేంద్రప్ప కారు వెనక టైరు పేలింది. ఎద్దుల బండి దొరికి ఆసుపత్రి చేరేసరికి తెల్లారింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ కారు నడిపింది కృపమణి నాయన ఏసేపు. ఆనాటి నుంచి దేవేంద్రప్ప అతనితో అవసరమైన మాట తప్ప రెండో మాట మాట్లాడలేదు.

ఇప్పుడు వెనక టైర్లు రెండూ దారాలు తేలి ఉన్నాయి. కలెక్టరాఫీసు చుట్టూ నెల తిరిగితే రెండంటే రెండు టైర్లకు పర్మిట్టు వచ్చింది. మళ్ళీ ఏడాది దాకా ఇంకొకటి రాదు. అందుకే ఈ రోజు ఏరుకునే రెండు టైర్ల మీద ఒక తల్లీబిడ్డల ప్రాణం ఉంది. ఏసేపుకు ఇంగ్లీషు రాదు. ఎనిమిదో తరగతి దాకా ఊరి మిషన్ బడిలో చదివిన కూతురు టైరు మీది అంకెలు చదువుతుందని వెంట తెచ్చుకున్నాడు.

"ఏమ్మీ, ఆడనే నిలబడితివి? రా," అన్నాడు ఏసేపు లోపలి నుంచి. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అంకెలు సదివి గమ్మునుండు. ఇంగేమీ మాట్లాడాకు."

ఆ మాట చెప్పనక్కరలేదు. మాట్లాడకుండా ఉండటం కృపమణికి బాగా వచ్చిన విద్య.

అంగడి లోపల ఈ చివర నుంచి ఆ చివరకు టైర్లే. మనిషెత్తు లారీ టైర్లు, ఎద్దుల బండ్లకు వేసేవి, సైకిళ్ళవి. రబ్బరు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఆ వాసనకు కృపమణి ప్రాణం ఒక్కసారి ఇల్లు చేరినట్టయింది. వెంటనే సిగ్గు కూడా వేసింది.

అంగడి యజమాని మహబూబ్ సాయెబు అరవై దాటిన మనిషి. గడ్డానికి గోరింటాకు రంగు. రెండు టైర్లను పసిబిడ్డలను దొర్లించినట్టు మెల్లగా దొర్లించుకుంటూ తెచ్చి, కారులో వాళ్ళతో పాటే వచ్చిన దేవేంద్రప్ప ముందు నిలబెట్టాడు. అవి నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"చూడండప్పా. మీకు అద్దం అక్కర్లా. ఇందులోనే మీసం దువ్వుకోవచ్చు."

దేవేంద్రప్ప నిజంగానే మీసం మీద చెయ్యి వేశాడు. పంచె అంచు మట్టికి తగలకుండా పట్టుకొని టైరు చుట్టూ ఒకసారి తిరిగాడు. "శానా బాగుండాయి. ఇవే. ఎత్తించు."

"నంబరు సూసుకుందామప్పా," అన్నాడు ఏసేపు.

కృపమణి మోకాళ్ళ మీద కూర్చొని టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదివింది. "ఆరు... పదహారు. మన కారుదే నాయనా." గొంతు ఆమెకే సరిగా వినిపించలేదు.

అక్కడితో లేచి ఉంటే కథ మరోలా ఉండేది. కానీ టైరు మీద పెట్టిన చెయ్యి ఆమె మాట వినలేదు. బొటనవేలి గోరు రబ్బరులో దిగుతుందో లేదో చూసింది. వేళ్ళు లోపలి అంచు కిందికి పోయి గుడ్డ పొరలను తడిమాయి. అరచేతికి ఎండిన కాయ పొట్టులాంటిది తగిలింది. ఇదంతా ఇంటి వెనక, నాయనను కన్న జేజినాయన పక్కన కూర్చొని పదేళ్ళుగా చేస్తున్న పనే. ఆలోచన లేకుండానే చేతులు చేసేశాయి. నోరు కూడా ఆలోచన లేకుండానే అనేసింది:

"ఇవి చెప్పులకు కూడా పనికిరావు నాయనా."

మెల్లగానే అంది. కానీ సరిగ్గా ఆ క్షణాన వీధిలో బండి చప్పుడు ఆగింది. అంగడిలో ప్రతి చెవికీ ఆ మాట చేరింది.

"ఏమంటివి?" అన్నాడు దేవేంద్రప్ప.

కృపమణి తల దించుకుంది.

"పసిపిల్లప్పా. నోరు జారింది," అన్నాడు ఏసేపు గబగబా.

మహబూబ్ సాయెబు మాత్రం కోపం తెచ్చుకోలేదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి ఆమెను చూశాడు. "నా అంగడికొచ్చి నా మాలును చెప్పులతో పోలుస్తాండావా బేటీ? నలభై ఏండ్లుగా ఈ మాట ఎవురూ అన్లేదే!"

ఆమె చెప్పదలచుకుంటే చెప్పడానికి చాలానే ఉంది. కానీ చెబితే ఎలా తెలుసని అడుగుతారు. ఎలా తెలుసంటే జేజినాయన పేరు చెప్పాలి. బడిలో ఆమె బల్ల దగ్గరికి వస్తే ముక్కు మూసుకొని "తోలు వాసన, తోలు వాసన" అని నవ్విన పిల్లలు గుర్తొచ్చారు. అంతేకాదు. ఎనిమిదేళ్ళ కిందట ఏసేపును పనిలో పెట్టుకున్నప్పుడు దేవేంద్రప్ప ఒకటే షరతు పెట్టాడు: "మీ నాయన చేసే పని నా బంధువుల ముందర ఎత్తాకు. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చినోడని చెప్తా." అది ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె నాయన చేతి వైపు చూసింది. ఆ చెయ్యి మెరిసే టైరు మీద ఉంది. ఏడాదిగా ఏసేపు కారెక్కే ముందు నాలుగు టైర్ల మీదా అలాగే చెయ్యి పెట్టి పెదవులు కదుపుతాడు. ప్రార్థన చేస్తున్నాడని ఊళ్ళో అందరూ అనుకుంటారు. ఒకసారి దగ్గరగా ఉండి విన్నది కృపమణి. "ఈసారి పేలాకు తల్లీ, ఈసారి పేలాకు" అంటున్నాడు.

"మోకాలితో వంచి చూడండప్పా," అంది. ఈసారి గొంతు బయటికి వచ్చింది. "పైన రంగు పూసినారు. వంచితే పగుళ్ళు తేలతాయి."

దేవేంద్రప్ప ఏసేపును చూశాడు. ఏసేపు ఒక్క క్షణం ఆగి, టైరును గోడకానించి మోకాలు మోపి బలంగా నొక్కాడు. నిగనిగలాడే నలుపు మీద వేసవిలో చెరువు అడుగు పగిలినట్టు సన్నని గీతలు లేచాయి.

"లోపల తట్టు కొట్టి వినండి." కృపమణి బల్ల మీద ఉన్న కొయ్య సుత్తి తీసుకుంది. ఎవరినీ అడగలేదు. టైరు లోపల ఒక్కొక్క జానకూ ఒక దెబ్బ వేసుకుంటూ పోయింది. రెండు చోట్ల గట్టిగా మోగింది. మూడో చోట బొదమని పగిలిన కుండలా పలికింది. "ఈడ పొరలు విడిసిపోయినాయి. బరువు పడి ఎండకు కాగితే ఈడనే పేలతాది."

సాయెబు గడ్డం నిమురుకున్నాడు.

"ఇవన్నీ నీకెవురు నేర్పినారు?" అని అడిగాడు దేవేంద్రప్ప.

వచ్చేసింది ఆ ప్రశ్న. కృపమణి చేతిలో సుత్తిని బల్ల మీద పెట్టింది. "మా జేజినాయన దాసన్న. చెప్పులు కుడతాడు. చచ్చిన టైర్లన్నీ మా ఇంటికే వస్తాయి. ఏ టైరు ఎందుకు చచ్చిందో కోస్తే తెలుస్తాది. ఇట్లా దాన్ని పట్టీ కోస్తే వారానికే తెగుతాది, కొన్నోళ్ళు వచ్చి తిట్టి పోతారు."

ఏసేపు కళ్ళు మూసుకున్నాడు. దేవేంద్రప్ప తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నడిస్తే వీధంతా వినిపించే కిర్రుచెప్పులు. చాలాసేపు అలాగే చూసి, ఒక కాలు కొంచెం పైకెత్తాడు.

"ఇవి ఎవురు కుట్టినారనుకుంటాండావు అమ్మీ? మీ జేజినాయనే. నా పెండ్లికాడి నుంచి ఆయన చెప్పులే తొడుగుతాండా. చెప్పులు కావాల, ఆయన పేరు మాత్రం పలకగూడదంటి." ఆయన గొంతు మారింది. "పోయినేడు పేలిన టైరు కూడా దాసన్న ఇంటికే వచ్చిందా?"

"వచ్చిందప్పా."

"కోసినాడా?"

"కోసినాడు."

"ఏమన్నాడు?"

కృపమణి నాయనను చూసింది. ఏసేపు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కానీ ఈ రోజు మొదలైన మాట మధ్యలో ఆగేది కాదు.

"లోపల ఎప్పుడో చచ్చిందన్నాడు. పైన మెరుపేనన్నాడు. ఎవురు తోలినా, ఎంత మెల్లగా తోలినా ఆ పొద్దు పేలేదేనన్నాడు."

దేవేంద్రప్ప పక్కనున్న లారీ టైరు మీద కూర్చున్నాడు. పంచె అంచు మట్టిలో పడింది, చూసుకోలేదు. ఏసేపు వైపు తిరిగాడు. "నంద్యాలలో ఆ టైరు ఏరింది నేను. నువ్వు వద్దప్పా అంటివి. మెరుపు చూసి నేనే ఎత్తించినా. ఏడాది పొడుగునా నీ మొగం చూడకపోతినే. ఒక్క మాట చెప్పొద్దా?"

"ఎట్ల సెప్పల్లప్పా?" అన్నాడు ఏసేపు. "బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో నిలబడి, తప్పు నీదే అని ఎట్ల సెప్పల్ల? నామీద ఉంటే ఉండనీలే అనుకున్యా."

దేవేంద్రప్ప లేచి వచ్చి ఏసేపు భుజం మీద చెయ్యి వేశాడు. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ వేయలేదు. ఏసేపు ఊపిరి పొడుగ్గా వదిలాడు. ఏడాదిగా ఆ ఊపిరి లోపలే ఆగి ఉన్నట్టు అనిపించింది కృపమణికి. నాయన వీపు చాలా రోజుల తర్వాత నిటారుగా కనిపించింది.

మహబూబ్ సాయెబు గొంతు సవరించుకున్నాడు. "బాగుండాది. నా అంగడిలో మీరు మీరు ఒకటైపోతిరి, నేను ఒక్కణ్ణే దొంగనైతి. అరె, మెరిసేవి చూపించు అన్నారు, చూపించినా. నడిచేవి చూపించు అని ఒక్కరన్నా అడిగితిరా?"

"ఇప్పుడు అడుగుతాండా," అన్నాడు దేవేంద్రప్ప. "నడిచేవి ఉండాయా?"

సాయెబు వెనక గది తలుపు వైపు చూశాడు. "ఉండాయి. కానీ ఇచ్చేవి కావప్పా. ఒకడు తెచ్చి పెట్టి, వేరే కారుకు ఇయ్యనని నాతో ఒట్టు పెట్టించుకొని పోయినాడు."

"చూస్తే అరగవు కదా. చూపించు."

వెనక గదిలో గోనెపట్టా తీస్తే రెండు టైర్లు కనిపించాయి. బూడిద రంగు, ముతక గాడులు, ఎండిన బురద. దేవేంద్రప్ప మొహం చిట్లించాడు. కృపమణి మాత్రం మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. అంకెలు చదివింది: ఆరు, పదహారు. గోరు పెట్టి నొక్కితే రబ్బరు కొంచెం లొంగి, తిరిగి లేచింది. సుత్తితో కొడితే చుట్టూ ఒకటే చప్పుడు.

"బతికుండాయి నాయనా."

"మిలిటరీ జీపువి," అన్నాడు సాయెబు. "వేలంలో వచ్చినవి. రెండోదానికి కోత ఉండాది చూసుకో."

ఉంది. రెండు వేళ్ళంత కోత. లోపలి వైపు మందపాటి తోలు ముక్క వేసి కుట్టారు.

"కుట్టిన టైరా!" అన్నాడు దేవేంద్రప్ప.

"కనపడే దెబ్బకు జాగర్త పడొచ్చప్పా," అన్నాడు ఏసేపు. "కుట్టు గట్టిగుండాదా అమ్మీ?"

కృపమణి లోపలికి చెయ్యి పెట్టి, కుట్టు వెంబడి వేలు పోనిచ్చింది. మైనం పూసిన దారం. ఇంకా జిడ్డు ఆరలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడో చోట చిన్న ముడి. మళ్ళీ ఆరు కుట్లు. మళ్ళీ ముడి.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

చెప్పులు కుట్టేవాళ్ళు ఆ ప్రాంతంలో వందమంది ఉన్నారు. ఆరు కుట్లకు ఒక ముడి వేసేది మాత్రం దాసన్న ఒక్కడే. బాప్తిస్మం తీసుకున్న ఏడు మొదలుపెట్టాడు. "ఆరు దినాలు పని, ఏడో దినం విశ్రాంతి. దారానికి కూడా ఆ మాత్రం ఇయ్యల్ల గదా" అని నవ్వేవాడు. ఒకచోట దారం తెగినా కుట్టంతా విడిపోకుండా ఆ ముడి ఆపుతుంది. ఆ ముడి వెయ్యడం ఆయన ఇంకొక్కరికి మాత్రమే నేర్పాడు.

"నాయనా," అంది కృపమణి. "చెయ్యి పెట్టి లెక్కపెట్టు."

ఏసేపు చెయ్యి పెట్టాడు. అతని పెదవులు కదిలాయి. ఆరు దగ్గర ఆగాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాయి. మూడోసారి లెక్కపెట్టకుండానే నేల మీద కూలబడ్డాడు.

"ఎవురు... ఎవురు తెచ్చినారివి సాయెబూ?"

"ఉరుకుందు అని పేరంట. గుంతకల్లులో మిలిటరీ సామాన్లు వేలం వేసే తావ పని చేస్తాండాడు. పదిహేను దినాలైంది. కోయిలకుంట్ల నుంచి పాత ఫోర్డు కారు వస్తాది, ఏసేపు అనే డ్రైవరు వస్తాడు, ఆయనకే ఇయ్యి, పర్మిట్టు తెస్తే చాలు అన్నాడు. టైరు పేలిన కత వానికి కూడా తెలుసు. లారీ డ్రైవర్ల నోట్లో ఏది దాగుతాది?"

"ఏసేపును నేనే," అన్నాడు ఏసేపు. "మాదే కోయిలకుంట్ల."

"యా అల్లా! ముందే చెప్పొద్దా! పేలిన టైరు మాట విన్నప్పుడన్నా నాకు తట్టలేదే!"

"వాడు ఉరుకుందు కాదు. నా కొడుకు దావీదురాజు." అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఎట్లుండాడు? మనిషి బాగుండాడా?"

"బాగుండాడప్పా. నవ్వుతాడు. పని చేసినంతసేపూ మీ కిరస్తానం పాటలేవో కూనిరాగం తీస్తాంటాడు."

కృపమణి టైరును రెండు చేతులా పట్టుకొని నుదురు ఆనించింది. పొద్దున ఆ పెద్ద పుస్తకంలో గల్లంతైన అన్న, పదిహేను రోజుల కిందట ఈ గదిలో నిలబడ్డాడు. ఈ రబ్బరును పట్టుకున్నాడు. దేవేంద్రప్ప పక్కకు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంగ ఈ టైర్లు వద్దనే మొగోడెవుడు!" అన్నాడు.

"మరి ఇంటికెందుకు రాలేదు?" అన్నాడు ఏసేపు కాసేపటికి. "పేరెందుకు మార్చుకున్నాడు?"

సాయెబు అలమర దగ్గరికి పోయి చిన్న గోనెమూట తెచ్చాడు. "టైర్లతో పాటు ఇది కూడా ఇయ్యమన్నాడు. మా జేజినాయనకు చూపిస్తే అర్థమైతాది అన్నాడు."

కృపమణి మూట విప్పింది. టైరుతో కోసిన కొత్త చెప్పు. కుడికాలిది. పట్టీ అంచు వెంబడి తెల్లని కుట్లు. మూట దులిపి చూసింది. తిరగేసి చూసింది.

"ఇంకోటి యాడ?"

సాయెబు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఇంకోటి అక్కర్లేదన్నాడు బేటీ."

వీధిలో జట్కా ఒకటి గంట మోగించుకుంటూ పోయింది. ఏసేపు తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు.

"ఎల్లుండితో ఆ వేలం మూసేస్తారు," అన్నాడు సాయెబు మెల్లగా. "ఆ తర్వాత బొంబాయి పోతానన్నాడు. నేను చెప్పినానని చెప్పాకండి."

ఏసేపు లేచాడు. వీధిలో ఆగి ఉన్న కారును చూశాడు. ఆ కారు ఈ సాయంత్రానికి కోయిలకుంట్లలో ఉండాలి. అక్కడ నాగలక్ష్మమ్మ ఏ గడియన నొప్పులు పడుతుందో తెలియదు. కారు తోలడం వచ్చినవాడు తానొక్కడే. గుంతకల్లు అటు, కోయిలకుంట్ల ఇటు.

"నువ్వు పో ఏసేపూ," అన్నాడు దేవేంద్రప్ప. "ఎవురినన్నా డ్రైవరును వెతుక్కుంటా."

"లేదప్పా. ఈసారి అమ్మను ఆసుపత్రి గేటులో దింపేదాకా చక్రం వేరేవాని చేతికి ఇయ్యను." అంటూనే అతని కళ్ళు స్టేషను వైపు పోయాయి.

కృపమణి ఆ ఒంటి చెప్పును వెలుతురులోకి పట్టుకొని చూస్తోంది. వేలితో కుట్లు లెక్కపెట్టింది. ఒక చోట ఆగి మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు తల ఎత్తింది.

"గుంతకల్లు బండి ఎన్ని గంటలకు సాయెబూ?"

"ఇంకో గంటకు. మా చెల్లెలు జులేఖా ఆ బండికే పోతాండాది. ఆడోళ్ళ పెట్టెలో దాంతో కూర్చోవచ్చు." సాయెబు ఆమెను పరీక్షగా చూశాడు. "కానీ బేటీ, నువ్వు పోయి దావీదురాజూ అని పిలిస్తే వాడు పలకడు. నా మాట విను. ఆ పేరు వాడు యాడనో పాతిపెట్టి వచ్చినాడు."

"పేరు పెట్టి పిలవను," అంది కృపమణి. చెప్పును గోనెగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. "ఈడ ఏడు కుట్లు పడినాయి, ముడి తప్పింది. విప్పి కుట్టేదానికి జేజినాయన ఇంటికి రమ్మన్నాడని చెప్తా."